వెంచర్లు రాకముందే రోడ్లు గీయాలి: పెరిగే ఊరికి ప్లాన్ వేసే పద్ధతి

పెరిగే ఊరికి ముందు వచ్చేవి ఇళ్లు కావు, సున్నం పూసిన హద్దురాళ్లు. పొలం అంచున కమాను లేస్తుంది, లోపల 30 అడుగుల రోడ్లు పడతాయి. ఏ వెంచర్‌కు ఆ వెంచర్ చూస్తే ముచ్చటగానే ఉంటుంది. పక్క వెంచర్‌కు వెళ్లాలంటే మాత్రం మళ్లీ మెయిన్ రోడ్డెక్కి చుట్టు తిరగాలి. పదేళ్లకు ఆ మెయిన్ రోడ్డు జామైతే అందరూ దాన్నే వెడల్పు చేయమంటారు. లోటు దాని వెడల్పులో లేదు. వెనక ఉండాల్సిన రెండో రోడ్డు, మూడో రోడ్డు ఎవరూ గీయలేదు.

హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్‌కూ, సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ మీదుగా గీసిన ప్రాంతీయ రింగు రోడ్డుకూ నడుమ ఉన్న చాలా మండల కేంద్రాలు ఇప్పుడు ఈ దశలోనే ఉన్నాయి. కింది క్రమం మున్సిపాలిటీల టౌన్ ప్లానింగ్ సిబ్బందికీ, వార్డు సభ్యులకూ, ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరం రాయదలచిన కాలనీ సంఘాలకూ పనికొస్తుంది.

ఎంత భూమి కావాలి

ప్లాన్ హద్దును మున్సిపాలిటీ గీత దగ్గర ఆపకండి. షేర్ ఆటోలు, కాలేజీ బస్సులు, కూరగాయల ట్రాలీలు రోజూ ఏయే ఊళ్ల నుంచి వస్తాయో ఆ ఊళ్లన్నీ ప్లాన్ లోపల ఉండాలి.

జనాభాకు చేతిలో ఉన్న ఆధారం 2011 జనగణన. దాని తర్వాతి పెరుగుదలను ఇంటి పన్ను అసెస్‌మెంట్లు, కరెంటు కనెక్షన్లు, ఓటర్ల జాబితా మూడూ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. అద్దెకుండేవాళ్లు చాలామంది ఓటు సొంతూళ్లోనే ఉంచుకుంటారు కాబట్టి ఓటర్ల జాబితా తక్కువ చూపిస్తుంది. ఒకే ఇంటికి అంతస్తుకో మీటరు ఉండటం వల్ల కరెంటు లెక్క ఎక్కువ చూపిస్తుంది.

30,000 జనాభా ఉన్న ఊరు ఏటా 4 శాతం పెరిగితే 20 ఏళ్లకు దాదాపు 65,700 అవుతుంది. అంటే కొత్తగా వచ్చేవాళ్లు 35,700 మంది. కేంద్ర ప్రభుత్వ 2014 నాటి పట్టణ, ప్రాంతీయ ప్రణాళికా మార్గదర్శకాలు చిన్న పట్టణాలకు హెక్టారుకు 75 నుంచి 125 మంది సాంద్రత సూచిస్తాయి. మధ్యస్థంగా 100 పట్టుకుంటే 357 హెక్టార్లు, సుమారు 880 ఎకరాలు. ఈ అంకె పక్కన ఇప్పటికే అనుమతి తీసుకున్నవీ, తీసుకోనివీ కలిపి వెంచర్ల మొత్తం విస్తీర్ణం రాయండి. చాలాచోట్ల వెంచర్లే అవసరాన్ని మించిపోయి ఉంటాయి. అలాంటి ఊళ్లో కొత్తగా నివాస జోన్ విస్తరించమని అడిగేవాళ్లు అడుగుతున్నది జనం కోసం కాదని అర్థం.

నక్షా మీద పని

రెవెన్యూ గ్రామ నక్షాను స్కాన్ చేసి, క్యూజీఐఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టాలి. కలిపే బిందువులు కనీసం ఎనిమిదైనా ఉండాలి, నక్షా నాలుగు మూలలా పరుచుకుని ఉండాలి. మూడు ఊళ్ల సరిహద్దు రాళ్లు, పాత బావులు, చెరువు కట్ట మలుపులు ఇందుకు నమ్మకమైనవి. ఒకే పక్కన ఐదారు బిందువులు పెడితే రెండో పక్క పదిపదిహేను మీటర్లు జరిగిపోతుంది. అప్పుడు రోడ్డు ఒకరి సర్వే నంబరులో పడాల్సింది ఇంకొకరి ఇంటి మీద పడుతుంది. పాత గుడ్డ నక్షాలు సాగి, ముడుచుకుని ఉంటాయి కాబట్టి సందేహం ఉన్నచోట టీపన్ (సర్వే నంబరువారీ కొలతల పత్రం) కొలతలే ప్రమాణం. గుంట అంటే 33 అడుగుల చదరం. దాంతో నేల మీద ఒకటి రెండు చోట్ల తాళ చూసుకోవచ్చు.

తర్వాత నక్షాలో జంట చుక్కల గీతలుగా కనిపించే బండ్ల బాటలు, కోస్తాలో పుంతలూ డొంకలూ అనేవి, అన్నీ వేరే రంగులో ఎత్తి గీయండి. ప్లానులో అన్నిటికన్నా విలువైన సరుకు ఇదే. అవి ప్రజల దారులు, వాటికి పరిహారం ఇవ్వనక్కర్లేదు, పైగా ఊరికీ ఊరికీ మధ్య సూటిగా పోతాయి. వాటిని తమ చేలో కలుపుకున్నవాళ్లు ఎవరైనా సరే, నక్షాలో ఉన్నది ఉన్నట్టు గీయాలి. శిఖం (చెరువు మునక భూమి), పోరంబోకు, అసైన్డ్ భూములు, హైటెన్షన్ లైన్లు కూడా ఈ దశలోనే ఎక్కించాలి. 132 కేవీ లైనుకు 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్ల దారి వదలాలి.

బండ్లు లెక్కపెట్టడం

మామూలు రోజు ఒకసారి, అంగడి రోజు ఒకసారి. ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 8, పదిహేను నిమిషాలకో గడి. తలలు లెక్కపెడితే చాలదు, రోడ్డు మీద ఆక్రమించే చోటును బట్టి కారుతో పోల్చి మార్చాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 106వ ప్రమాణం ప్రకారం, మొత్తంలో ఒక రకం బండ్ల వాటా 10 శాతం దాటితే బైకు 0.75, ఆటో 2, కారు 1. వాటా 5 శాతం లోపు ఉన్న బస్సు, లారీ 2.2, ట్రాక్టర్ ట్రాలీ 4.

ఉదాహరణకు గంటలో 600 బైకులు, 120 కార్లు, 150 ఆటోలు, 40 బస్సులూ లారీలూ, 20 ట్రాక్టర్లు పోయాయనుకుందాం. వరుసగా 450, 120, 300, 88, 80. మొత్తం 1,038. రెండు వరుసల కలెక్టర్ రోడ్డుకు, అంటే కాలనీల బండ్లను పోగుచేసి పెద్ద రోడ్డుకు చేర్చే రోడ్డుకు, అదే ప్రమాణం చెప్పే హద్దు గంటకు 900. రోడ్డు నిండిపోయిందన్నమాట. ఇందులో 20 ట్రాక్టర్లు 100కు పైగా బైకులంత చోటు తిన్నాయి. కాబట్టి రైస్ మిల్లులు, మార్కెట్ యార్డు ఊరి నడుమ ఉంటే రోడ్డు వెడల్పుకన్నా యార్డుకు వేరే దారి చూడటం చవక.

బైపాస్ అడిగేముందు ఇంకో చిన్న పరీక్ష చేయాలి. ఊరి రెండు కొసల్లో మనుషుల్ని నిలబెట్టి, బండి నంబరులో చివరి నాలుగు అంకెలు, సమయం రాయించండి. రెండు చోట్లా పావుగంట తేడాలో కనిపించినవే ఊరు దాటిపోయేవి. అవి పావు వంతు కూడా లేకపోతే బైపాస్ వల్ల బజారు ఖాళీ అవ్వదు. ఉన్నా సరే, బైపాస్ మీదకు ప్రతి ప్లాటుకూ గేటు ఇస్తే ఐదారేళ్లలో అదే రెండో బజారు అవుతుంది. సర్వీసు రోడ్డు, కలిసే చోట్ల సంఖ్య ముందే రాసిపెట్టాలి.

గళ్లు గీయడం

పెద్ద రోడ్లు కిలోమీటరుకు ఒకటి, వాటి నడుమ కలెక్టర్ రోడ్లు 400 నుంచి 500 మీటర్లకు ఒకటి. ఇంటి నుంచి బస్సు స్టాపుకు ఐదు నిమిషాల నడక దాటకూడదంటే ఈ దూరం తప్పదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 69వ ప్రమాణం ఆర్టీరియల్‌కు (ఊరి ప్రధాన రోడ్డుకు) 50–60 మీటర్లు, దాని తర్వాతి అంచె సబ్ ఆర్టీరియల్‌కు 30–40, కలెక్టర్‌కు 20–30, స్థానిక రోడ్డుకు 10–20 మీటర్లు చెబుతుంది. చిన్న ఊళ్లో 100, 60, 40 అడుగుల మూడంచెలు పెట్టుకున్నా పని జరుగుతుంది. అంతకన్నా దిగితే జరగదు. 30 అడుగుల రోడ్డులో ఒక పక్క కార్లు ఆగితే రెండు బస్సులు ఎదురెదురుగా దాటలేవు. ఆర్టీసీ అలాంటి దారికి సర్వీసు ఎందుకు ఇస్తుంది?

60 అడుగుల రోడ్డును, అంటే 18 మీటర్లను, ఇలా పంచవచ్చు: నడుమ 7 మీటర్ల తారు, ఇరుపక్కలా రెండున్నర మీటర్ల చొప్పున చెట్లూ పార్కింగూ, రెండేసి మీటర్ల ఫుట్‌పాత్, ఒక్కో మీటరు డ్రైనేజీకీ తీగలకూ. ఫుట్‌పాత్ మీద స్తంభాలూ ట్రాన్స్‌ఫార్మర్లూ పోను అడ్డులేని వెడల్పు 1.8 మీటర్లు మిగలాలి.

గీత ఎక్కడ పడాలన్నదే అసలు రాజకీయం. ముందు బండ్ల బాట మీద, అది లేకపోతే రెండు సర్వే నంబర్ల గట్టు మీద. గట్టు మీద గీస్తే ఇద్దరికీ చెరి సగం పోతుంది, ఇద్దరికీ రోడ్డు ముఖం వస్తుంది. ఎకరం రైతు చేను నడుమ నుంచి గీస్తే అతనికి రెండు ముక్కలు మిగులుతాయి, మీకు కోర్టు కేసు మిగులుతుంది. గట్టు వంకర తిరిగినచోట మలుపును సవరించుకోండి. ఐదు దారుల కూడలి మాత్రం ఎక్కడా రానివ్వకండి.

నీటి దారులు

తెలంగాణ భవన నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు, 10 మీటర్లు మించిన వాగు లేదా నాలాకు 9 మీటర్లు, అంతకన్నా సన్నవాటికి 2 మీటర్లు బఫర్ వదలాలి. కాగితం మీద వదలడం తేలికే. నాలా ప్లాట్ల వెనక గోడల పక్కన పోతే వానకు ఒక వరుస రాళ్లు ముందుకు జరుగుతాయి, రెండేళ్లకు నాలా కాలువవుతుంది, నాలుగేళ్లకు పైపవుతుంది. మందు ఒకటే: బఫర్ అంచున 40 అడుగుల రోడ్డు గీసి, ఇళ్ల ముఖాలు నాలా వైపు తిప్పాలి. పదిమంది కళ్ల ముందున్నదాన్ని పూడ్చడం కష్టం.

మత్తడి (చెరువు నిండితే నీరు పొర్లే అలుగు) దిగువ ఉన్న నేలను తప్పనిసరిగా విడిగా చూడండి. చెరువు నిండని ఏళ్లలో అక్కడ పొడినేలే కనిపిస్తుంది, వెంచర్ వేసేవాళ్లకూ అదే నచ్చుతుంది.

రంగులు

నివాసం పసుపు, వాణిజ్యం నీలం, పరిశ్రమ ఊదా, ప్రజావసరాలు ఎరుపు, పార్కులు ఆకుపచ్చ. ముందే చెప్పిన 2014 మార్గదర్శకాలు చిన్న పట్టణాలకు నివాసం 45–50 శాతం, వాణిజ్యం 2–3, పరిశ్రమ 8–10, ప్రజావసరాలు 6–8, పార్కులూ మైదానాలూ 12–14, రవాణా 10–12 శాతం సూచిస్తాయి. హైవే పొడవునా రెండు పక్కలా నీలం పూసే అలవాటు మానాలి. ఆ నీలాన్ని బస్టాండు చుట్టూ, 60 అడుగుల రోడ్లు కలిసేచోట ముద్దగా పెట్టండి. బడిని 40 అడుగుల రోడ్డు మీద పెట్టాలి, హైవే మీద వద్దు.

భూమి చేతికి వచ్చే దారులు

అన్నిటికన్నా చవక లేఅవుట్ అనుమతి. ప్లాన్ రోడ్డు ఆ భూమిలోంచి పోతుంటే, లేఅవుట్ వాళ్లే పూర్తి వెడల్పులో వదిలి, పార్కు స్థలంతో పాటు స్థానిక సంస్థకు ఉచితంగా గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. ఫైలు చూసేటప్పుడు ఒకటి గమనించండి: లోపలి రోడ్డు పక్క సర్వే నంబరు గట్టును తాకుతుందా, అడుగో రెండడుగులో పట్టీ మిగిలిందా? ఆ పట్టీ ఉంచుకున్నవాళ్లు రేపు పక్క రైతు దగ్గర దారికి డబ్బు అడగవచ్చు. అనుమతిలోనే రోడ్డు గట్టు దాకా ఉండాలని రాయాలి.

భూసేకరణ ఖరీదైనది. 2013 చట్టం ప్రకారం లెక్కతేలిన పరిహారానికి సమానంగా సొలేషియం (భూమి బలవంతంగా పోయినందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కూడా కట్టాలి. అందుకే దాన్ని రెండు కొసలను కలిపే చిన్న తెగిన ముక్కలకే దాచుకోవాలి. సమీకరణ, అంటే రైతు భూమి ఇచ్చి బదులుగా ప్లాట్లు తీసుకోవడం, ఇంకో దారి. 2015లో అమరావతిలో ఎకరం మెట్టకు 1,000 గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు. జరీబుకు, అంటే నీటి వసతి ఉన్న సారవంతమైన నేలకు, 1,000, 450. 2019 తర్వాత పనులు ఆగినప్పుడు రైతుల చేతిలో ప్లాట్లు కాగితాల మీదే ఉండిపోయాయి. రోడ్డుకు డబ్బు చేతిలో లేకుండా సమీకరణకు దిగితే వచ్చే చిక్కు అది. గుజరాత్ 1976 చట్టం కింద వేసే టౌన్ ప్లానింగ్ స్కీములు చిన్న ముక్కల్లో సాగుతాయి, 40 శాతం దాకా కోసుకుని మిగతాది సరిచేసిన ప్లాటుగా తిరిగిస్తాయి. మన చిన్న పట్టణాలకు ఆ పరిమాణమే నప్పుతుంది.

అభ్యంతరం రాయడం, రాళ్లు పాతడం

ముసాయిదా వచ్చాక "మా ఇల్లు పోతోంది" అని ఒక్క వాక్యం రాస్తే పక్కన పడేస్తారు. సర్వే నంబరు, పోయే విస్తీర్ణం, నక్షా నకలు మీద ఎర్రగీతతో ప్రత్యామ్నాయం, ఆ ప్రత్యామ్నాయం కూడా అవే రెండు కొసలను కలుపుతుందన్న వివరణ పెట్టండి. గడువులోపు ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోండి.

ప్లాన్ ఆమోదం పొందిన ఏడాదిలోపు ప్రతి రోడ్డు నడిమిగీతకూ మలుపుల్లో, సూటిగా పోయేచోట 30 మీటర్లకో రాయి పాతాలి. రోడ్డువారీగా సర్వే నంబర్లు, అక్షాంశ రేఖాంశాలు ఒక రిజిస్టరులో ఎక్కించి, ఇంటి అనుమతి ఇచ్చే కౌంటరు దగ్గర ఉంచాలి. డబ్బు ఉన్నంతలో ముందు కల్వర్టులు, తర్వాత డ్రైన్లు, తర్వాత మొరం, చివర్న తారు. తారు ముందేస్తే పైపులైను కోసం ఆ ఏడాదే తవ్వుతారు. ప్రతి ఏప్రిల్‌లో, వానలకు ముందు, రిజిస్టరు పట్టుకుని రాళ్ల వెంట నడవాలి. పీకేసిన రాయి కనిపిస్తే వారంలోపు మళ్లీ పాతి, పక్క ప్లాటుకు నోటీసు ఇవ్వాలి.