పేచీ పెట్టే ల్యాప్‌టాప్‌లో ఏ లినక్స్ కుదురుతుందో తేల్చుకోవడం ఎలా?

కొన్ని ల్యాప్‌టాప్‌లతో ఎప్పుడూ ఏదో ఒక పేచీయే. ఒక లినక్స్ వేస్తే వైఫై కనబడదు. ఇంకోటి వేస్తే వైఫై వస్తుంది గానీ మూత మూసి తెరిచాక స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. మరోదాంట్లో టచ్‌ప్యాడ్ కదలదు. ఇలాంటి మెషీన్ ఉన్నవాళ్లు చాలామంది ఒకదాని తర్వాత ఒకటి ఇన్‌స్టాల్ చేస్తూ, చెరిపేస్తూ వారాలు గడిపేస్తారు. అంత కష్టం అక్కర్లేదు. హార్డ్‌వేర్ వరకు చూస్తే డిస్ట్రోల (మింట్, ఫెడోరా లాంటి రకరకాల లినక్స్‌ల) మధ్య తేడా ప్రధానంగా రెండు చోట్లే ఉంటుంది: లోపల ఏ వెర్షన్ కెర్నల్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే లినక్స్ గుండెకాయ) ఉంది, దానికి తోడుగా ఏయే ఫర్మ్‌వేర్ ఫైళ్లు (వైఫై లాంటి చిప్‌లలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాములు) ఇచ్చారు. డెస్క్‌టాప్ అందచందాలు ఆ తర్వాతి మాట. ఈ రెండూ మనసులో పెట్టుకుని, లినక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి (దీన్నే లైవ్ అంటారు) పరీక్షిస్తే, డిస్క్‌ని ముట్టుకోకుండానే చాలావరకు తేలిపోతుంది.

ముందు విండోస్‌ని కాపాడుకోండి

విండోస్ 11తో వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో మనం అడగకపోయినా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేని తాళం పడి) ఉంటుంది. ఆ తాళం పేరే బిట్‌లాకర్. బయోస్‌లో (విండోస్ కన్నా ముందే తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్) సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సిస్టమ్‌లనే బూట్ కానిచ్చే రక్షణ) సెట్టింగ్ మార్చారంటే, తర్వాత విండోస్ తెరుచుకునేటప్పుడు 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో ఫైలుగా దాచుకుంటే అవసరమైన రోజున అందదు. ముఖ్యమైన ఫోటోలు, పత్రాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు.

ఒకే పెన్‌డ్రైవ్‌లో అన్నీ

16 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవ్ నుంచి చాలా సిస్టమ్‌లు బూట్ చేయించే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేయండి (పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది). ఆ తర్వాత ఐఎస్ఓ ఫైళ్లను (ఒక్కో డిస్ట్రో మొత్తం ఒక్కో ఫైలుగా) మామూలుగా కాపీ చేసి పడేయడమే, బూట్ అయ్యేటప్పుడు ఏది కావాలో మెనూలో అడుగుతుంది. డౌన్‌లోడ్ అయిన ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ256 విలువని (ఫైలు పాడవలేదని తేల్చే అంకెలు, అక్షరాల వరస) డిస్ట్రో సైట్‌లో ఇచ్చినదానితో సరిచూడండి. సగం పాడైన ఐఎస్ఓ వల్ల వచ్చిన తంటాని ల్యాప్‌టాప్ మీదకి నెట్టేసినవాళ్లు తక్కువేమీ కాదు.

ఏ డిస్ట్రోలు తీసుకోవాలి? నా సలహా మూడు: లినక్స్ మింట్, డెబియన్ లైవ్, ఫెడోరా వర్క్‌స్టేషన్. మూడింటి కెర్నళ్ల వయసు వేర్వేరు కాబట్టే ఈ ఎంపిక. ఉబుంటు మీద కట్టినవే నాలుగైదు తెచ్చుకుంటే దాదాపు ఒకే కెర్నల్‌ని నాలుగైదు రంగుల్లో చూసినట్టు అవుతుంది. మెషీన్ మరీ కొత్తదైతే ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ లైవ్ కూడా కలపండి.

బూట్ చేయడం

పెన్‌డ్రైవ్ గుచ్చి, పవర్ నొక్కగానే బూట్ మెనూ కీ వరసగా తడుతూ ఉండండి. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ కొట్టి ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు బయోస్‌లో దాన్ని ఎనేబుల్ చేయాల్సి రావచ్చు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే వెంటాయ్ మొదటిసారి ఒక నీలం స్క్రీన్ చూపించి కీ నమోదు చేయమంటుంది. ఒక్కసారి చేస్తే సరిపోతుంది. ఏదైనా ఐఎస్ఓ వెంటాయ్‌లో మొరాయిస్తే, ఆ డిస్ట్రోని తప్పుపట్టే ముందు వేరే పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే విండోస్ ప్రోగ్రామ్‌తో నేరుగా రాసి చూడండి.

స్క్రీన్ నల్లగా అయిపోతే, ముఖ్యంగా ఎన్విడియా చిప్ ఉన్న వాటిలో, గ్రబ్ మెనూలో (బూట్ అయ్యేటప్పుడు లినక్స్ చూపించే ఎంపికల జాబితా) ఇంగ్లీషు e అక్షరం నొక్కి, linux అని మొదలయ్యే లైను చివర నోమోడ్‌సెట్ (nomodeset) అని చేర్చి ఎఫ్10 కొట్టండి. బొమ్మ వస్తుంది. కానీ ఒక సంగతి: అలా తెరిచినప్పుడు అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచేయదు. స్క్రీన్ రిజల్యూషన్ తగ్గుతుంది, బ్రైట్‌నెస్, స్లీప్ సరిగ్గా ఉండవు. ఆ స్థితిలో చూసిన స్లీప్ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి.

అన్నిటికీ అవే పరీక్షలు, అదే వరసలో

లైవ్ సెషన్ మెమరీలో నడుస్తుంది, రీస్టార్ట్ చేస్తే అన్నీ పోతాయి. అందుకని నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. పైన డిస్ట్రో పేరు, దాని పక్కన కెర్నల్ వెర్షన్. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) యూనేమ్ కమాండ్‌ని ఆర్ ఆప్షన్‌తో (uname -r) కొడితే వెర్షన్ చెబుతుంది.

ముందు వైఫై. కనబడకపోతే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ని కె ఆప్షన్‌తో (lspci -k) కొట్టండి. వచ్చిన జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ పేరు, దాని కింద వాడుకలో ఉన్న డ్రైవర్ పేరు చూడండి. చిప్ పేరు ఉండి డ్రైవర్ లైను లేకపోతే ఆ కెర్నల్‌కి ఆ చిప్ తెలియదన్నమాట, లేదా దాని ఫర్మ్‌వేర్ దొరకలేదన్నమాట. ఒక ఉదాహరణ చెబుతాను. బడ్జెట్ ల్యాప్‌టాప్‌లలో కనిపించే రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 8852బీఈ చిప్‌కి డ్రైవర్ కెర్నల్ 6.2లో చేరింది. 2023లో వచ్చిన డెబియన్ 12 కెర్నల్ 6.1. కాబట్టి అందులో వైఫై రాదు. కెర్నల్ 6.8తో వచ్చిన మింట్ 22లో డ్రైవర్ ఉంటుంది. ఇది చూసి మింట్ గొప్పది, డెబియన్ పనికిరాదు అనుకుంటే పొరపాటు. అదే డెబియన్ 12కి బ్యాక్‌పోర్ట్స్ (పాత డెబియన్ కోసం కొత్త ప్యాకేజీలు ఉంచే చోటు) నుంచి కొత్త కెర్నల్, దానికి తగ్గ ఫర్మ్‌వేర్ వేసుకుంటే దారి దొరుకుతుంది. 2025లో వచ్చిన డెబియన్ 13కి కెర్నల్ 6.12 కాబట్టి ఈ బెడదే లేదు.

పాత ల్యాప్‌టాప్‌లలోని బ్రాడ్‌కామ్ చిప్‌లది వేరే కథ. వాటిలో కొన్నిటికి కంపెనీ సొంత డ్రైవర్ కావాలి. ఫెడోరా దాన్ని తనతో ఇవ్వదు, ఆర్‌పీఎం ఫ్యూజన్ (ఫెడోరాకి బయటినుంచి ప్యాకేజీలు ఇచ్చే చోటు) నుంచి తెచ్చుకోవాలి. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ చూపిస్తుంది. వైఫై లేకుండా డ్రైవర్ ఎలా దించుకోవాలి అంటారా? ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చేయండి. సాధారణంగా ఏ డ్రైవరూ అడగకుండానే నెట్ వచ్చేస్తుంది.

తర్వాత స్లీప్. అందరూ వదిలేసేది, తర్వాత అందరినీ ఏడిపించేది ఇదే. ఛార్జర్ తీసి, బ్యాటరీ శాతం రాసుకుని, మూత మూసి అరగంట వదిలేయండి. తెరిచాక స్క్రీన్ వెలుగుతోందా, వైఫై మళ్లీ అందుకుందా, టచ్‌ప్యాడ్ కదులుతోందా, శాతం ఎంత తగ్గింది చూడండి. బ్యాగులో పెట్టి తిరిగే ల్యాప్‌టాప్‌కి నా దృష్టిలో ఇదే అసలు పరీక్ష. స్లీప్ సరిగ్గా ఉండి కెమెరా రాని డిస్ట్రోని, కెమెరా వచ్చి స్లీప్‌లో వేలాడే డిస్ట్రో కన్నా నేను ముందు పెడతాను.

మిగతావి త్వరగా అయిపోతాయి. టచ్‌ప్యాడ్‌తో రెండు వేళ్ల స్క్రోల్ (తట్టి క్లిక్ చేయడం పనిచేయకపోతే ముందు సెట్టింగ్స్‌లో చూడండి, కొన్నిట్లో మొదట ఆఫ్‌లో ఉంటుంది), స్పీకర్, హెడ్‌ఫోన్, మైక్, బ్రైట్‌నెస్ కీలు, బ్లూటూత్, హెచ్‌డీఎంఐ. సౌండ్ సెట్టింగ్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ అని మాత్రమే కనిపిస్తే సౌండ్ డ్రైవర్ గానీ ఫర్మ్‌వేర్ గానీ ఎక్కలేదని అర్థం.

తెలుగు చదివేవాళ్లు, రాసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. బ్రౌజర్‌లో ఒక తెలుగు పేజీ తెరిచి స్త్రీ, లక్ష్మి లాంటి మాటల్లో ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి. టైపింగ్‌కి ఐబస్‌లో (లినక్స్‌లో వేరే భాషలు టైప్ చేయించే ప్రోగ్రామ్) ఎం17ఎన్ ప్యాకేజీ ఉంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌తో పాటు ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) కూడా దొరుకుతుంది. టెర్మినల్‌లో మాత్రం తెలుగు చాలాచోట్ల విరిగే కనిపిస్తుంది, అది చూసి కంగారుపడకండి.

డిస్క్ కనబడకపోతే

ఇన్‌స్టాలర్ తెరిచి, డిస్క్ ఎంచుకునే పేజీ వరకు వెళ్లి ఆగండి. అక్కడ ఎస్ఎస్‌డీ కనబడకపోతే బయోస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ (డిస్క్‌ని ఇంటెల్ సొంత పద్ధతిలో నడిపే) మోడ్‌లో ఉండి ఉండవచ్చు. అలాగైతే దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి. నేరుగా మార్చేస్తే విండోస్ బూట్ కాక నీలం స్క్రీన్ చూపించే ప్రమాదం ఉంది. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ టిక్ తీసేయండి. రికవరీ కీ కాగితం పక్కనే ఉండాలి.

నోట్‌బుక్ చూసి నిర్ణయం

ఒకే తంటా కొత్త కెర్నల్‌లో పోయి పాతదాంట్లో ఉంటే కొత్త కెర్నల్ ఇచ్చే డిస్ట్రో ఎంచుకోండి. దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. అప్పుడు పాతదే మేలు. ఇన్‌స్టాల్ అయ్యాక కూడా అప్‌డేట్ తర్వాత ఏదైనా చెడితే గ్రబ్ మెనూలో వెనకటి కెర్నల్ ఎంచుకోవచ్చు. ఫెడోరా మామూలుగా మూడు కెర్నళ్లు ఉంచుతుంది.

అన్ని కెర్నళ్లలోనూ వైఫై ఒక్కటే మొరాయిస్తే ఇక డిస్ట్రోలు మార్చి లాభం లేదు. కార్డు మార్చడం చవక. ఎం.2 స్లాట్ (లోపల వైఫై కార్డు గుచ్చే చోటు) ఉంటే ఇంటెల్ ఏఎక్స్210 లినక్స్‌తో బాగా కలిసిపోతుంది. ఏఎక్స్201 మాత్రం కొనకండి, అది సీఎన్‌వీఐ (వైఫై పనిలో కొంత ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే ఏర్పాటు) ఉన్న ఇంటెల్ మెషీన్లలోనే పనిచేస్తుంది. పాత లెనోవో, హెచ్‌పీ మోడళ్లు కొన్నిటి బయోస్ తాను ఎరగని కార్డుని ఒప్పుకోదు. కాబట్టి డబ్బు పెట్టే ముందు మీ మోడల్ సంగతి వెతికి చూడండి. కార్డు కొన్ని మెషీన్లలో మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. అలాంటప్పుడు చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోండి, దాని చిప్ పేరు, డ్రైవర్ ఏ కెర్నల్ నుంచి ఉందో ముందే చూసుకుని.