రోగం రోడ్డు మీద, మూలం లోడింగ్ గేటు దగ్గర: సొంత ట్రైలర్ నడిపేవాళ్ళకు సమస్య - పరిష్కారం

బండి నాదే, స్టీరింగూ నాదే. నలభై అడుగుల ప్లాట్‌ఫాం ట్రైలర్, అంటే పక్క గోడలు లేని చదును బండి. నార్కట్‌పల్లి చౌరస్తా నా అడ్డా. ఇనుప చువ్వలు, పైపులు, స్టీలు కాయిల్స్, అప్పుడప్పుడు మిల్లు మిషన్లు వేస్తాను. కింద రాసినవన్నీ రోడ్డు మీద బయటపడ్డ సమస్యలే. ఒక్కోదాన్ని వెనక్కి తవ్వుకుంటూ పోతే, చాలామటుకు బండి గేటు దాటకముందే మొదలైనట్టు తేలింది.

సమస్య: నెలంతా తిరిగినా చేతిలో ఏమీ మిగలట్లేదు

అందరూ చెప్పే కారణం కిరాయి తక్కువని. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే మనం ట్రిప్పు లెక్క చూస్తాం, రోజుల లెక్క చూడం. ఫైనాన్స్ వాడి కిస్తీ మాత్రం రోజుల మీదే నడుస్తుంది.

ఊరికే లెక్క కోసం ఒక ట్రిప్పు వేసుకుందాం. 30 టన్నులు, టన్నుకు 1,600 చొప్పున కిరాయి 48,000. ఒకవైపు 600 కిలోమీటర్లు. లోడు మీద లీటరుకు 3 కిలోమీటర్లు వస్తే 200 లీటర్లు, లీటరు 96 చొప్పున 19,200. టోల్ 6,000, తిండీ తిప్పలూ 2,000, బ్రోకర్ కమీషన్ 1,500. మిగిలింది 19,300. బాగానే ఉంది కదా అనిపిస్తుంది.

ఇప్పుడు తిరిగి రావాలి. ఖాళీగా వస్తే లీటరుకు 4 వచ్చినా 14,400 డీజిల్, 6,000 టోల్. అంటే వచ్చిన 19,300 మొత్తం పోయి పైగా 1,100 చేతి నుంచి పడుతుంది. 30,000కు రిటర్న్ లోడు దొరికితే, డీజిల్, టోల్, బ్రోకర్ కమీషన్‌కు 26,700 పోను 3,300 మిగులుతుంది. రెండు వైపులా కలిపి 22,600.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. లోడింగుకు ఒక రోజు, పోవడానికి రెండు రోజులు, దింపడానికి ఒక రోజు, రిటర్న్ లోడు కోసం ఇంకో రోజు, రావడానికి రెండు రోజులు. మొత్తం ఏడు. కిస్తీ, ఇన్సూరెన్స్, పర్మిట్, టైర్ల కోసం పక్కన పెట్టేది అన్నీ కలిపి నెలకు 90,000 అనుకుంటే రోజుకు 3,000. 22,600ను ఏడుతో భాగిస్తే 3,228. అంటే నా కష్టానికి రోజుకు 228 రూపాయలు. వరి నాట్లకు పోయినా ఇంతకంటే ఎక్కువే ఇస్తారు.

అదే ట్రిప్పు, అదే కిరాయి. లోడింగు అయిన రోజే బయల్దేరి, దింపిన రోజే మళ్ళీ లోడెక్కితే ఐదు రోజుల్లో తిరిగొస్తాం. రోజుకు 4,520. మూడు వేలు తీసేస్తే 1,520 నాది. కిరాయి ఒక్క రూపాయి పెరగలేదు.

ఏం చేయాలంటే, పోయే లోడు ఒప్పుకునేటప్పుడే రిటర్న్ లోడు మాట్లాడుకోవాలి, దింపిన తర్వాత కాదు. వైజాగ్ వైపు పోతే స్టీలు దొరుకుతుంది, పోర్టుల దగ్గర ఇంకేదో దొరుకుతుంది. కానీ అక్కడికి పోయాక ఫోన్ చేసేవాడికి మిగిలిపోయిన లోడే వస్తుంది. ఒక ఊరికి రెండు మూడుసార్లు పోయాక అక్కడి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల నంబర్లు రాసిపెట్టుకోండి. కిరాయి వెయ్యి ఎక్కువిచ్చి రెండు రోజులు గేటు బయట నిలబెట్టే ఫ్యాక్టరీ కంటే, వెయ్యి తక్కువిచ్చి రెండు గంటల్లో వదిలేసే ఫ్యాక్టరీ నయం. ఏ గేటు దగ్గర ఎన్ని గంటలు పట్టిందో నేను డైరీలో రాస్తాను. ఇప్పుడు ఆ డైరీ చూసే లోడు ఒప్పుకుంటాను.

డీజిల్ సంగతి రెండు ముక్కల్లో: ఆంధ్రలో మన తెలంగాణ కంటే ఎక్కువ, కర్ణాటకలో మనకంటే తక్కువ. విజయవాడ వైపు పోతే కోదాడ దాటకముందు, కర్నూలు వైపు పోతే పుల్లూరు దాటకముందు ట్యాంకు నింపుకోండి. మక్తల్ మీదుగా రాయచూర్ పోయేవాళ్ళు సరిహద్దు వరకు సరిపడా ఉంచుకొని అవతల కొట్టించుకోవాలి.

సమస్య: దింపకుండా నిలబెట్టారు, కిరాయి బ్యాలెన్స్ కూడా ఆగింది

‘అన్నా, రేపు పొద్దుగాల్నే దింపుతం’ అన్న మాట విని నేను ఒకచోట నాలుగు రోజులు పడుకున్నాను. హాల్టింగ్ (బండి నిలబెట్టిన రోజులకు ఇచ్చే డబ్బు) అడిగితే ‘ఎక్కడ రాసుంది?’ అన్నారు. ఎక్కడా రాసి లేదు. తప్పు నాదే.

ఎన్ని గంటల తర్వాత హాల్టింగ్ మొదలవుతుందో, రోజుకు ఎంతో లోడెక్కకముందే ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద రాయించుకోండి. రాయనంటే కనీసం వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ‘సరే’ అనిపించుకోండి. చేరగానే గేట్ ఎంట్రీ మీద టైము వేయించుకొని ఫొటో తీసుకోవాలి. దింపాక సంతకం, ముద్ర పడ్డ ఎల్‌ఆర్ కాపీ ఫొటో అక్కడి నుంచే పంపాలి, అసలు కాయితం కొరియర్ చేయాలి. బ్యాలెన్స్ ఆపడానికి ‘పీఓడీ (సరుకు అందినట్టు సంతకం పడ్డ కాయితం) రాలేదు’ అనేది అందరికంటే ముందు దొరికే సాకు.

టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పేరుతో కిరాయిలో కోస్తున్నారా? పది బండ్లు, అంతకంటే తక్కువ ఉన్న ఓనరు పాన్ నంబరుతో డిక్లరేషన్ రాసిస్తే కిరాయి మీద టీడీఎస్ కోయనక్కర్లేదు. అడిగితే ఇవ్వడం కాదు, మొదటి లోడుకే ఇచ్చేయండి.

సమస్య: దారిలో బెల్టులు వదులవుతున్నాయి, లోడు జరుగుతోంది

దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి, ప్రాణాలతో పని.

కల్వకుర్తి దాటాక ఒకసారి బర్రెలు అడ్డమొచ్చి గట్టిగా బ్రేకేశాను. బండి ఆగింది, చువ్వలు ఆగలేదు. రెండు కట్టలు జారి కేబిన్ వెనక రేకుకు తగిలాయి. ఇంకో అడుగు జరిగితే ఇది రాసేవాణ్ణి కాదు.

బెల్టు లోడును పట్టుకుంటుందని మనం అనుకుంటాం. పైనుంచి వేసిన బెల్టు చేసేది లోడును ప్లాట్‌ఫాంకు అదమడం మాత్రమే, జారకుండా ఆపేది రాపిడి. ఇనుము మీద ఇనుముకు రాపిడి చాలా తక్కువ, దుమ్మో నూనో ఉంటే ఇంకా తక్కువ. గట్టి బ్రేకుకు లోడు తన బరువులో దాదాపు 80 శాతం బలంతో ముందుకు తోస్తుందని లెక్క కట్టి కట్టాలి. 25 టన్నుల చువ్వలంటే 20 టన్నుల తోపు. నాలుగు పాత బెల్టులు దాన్ని ఆపలేవు.

అందుకని కింద చెక్క దిమ్మెలో రబ్బరు పట్టాలో వేయాలి. లోడు ముందు భాగం హెడ్‌బోర్డుకు (ప్లాట్‌ఫాం ముందున్న అడ్డుగోడకు) ఆనించాలి, సందు ఉంటే దిమ్మెలతో నింపాలి. బెల్టు ఎంత నిటారుగా దిగితే అంత బాగా అదుముతుంది. ఎత్తు తక్కువున్న లోడు మీద అడ్డంగా పరుచుకున్న బెల్టు ఎంత బిగించినా పెద్దగా పని చేయదు, అక్కడ గొలుసుతో ముందుకూ వెనక్కూ లాగి కట్టాలి. అంచు తగిలే చోట పాత టైరు ముక్క పెట్టండి. తెగిన బెల్టుకు ముడేసి వాడొద్దు, ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది.

ఇక వదులవడానికి అసలు కారణం: కదిలిన మొదటి గంటలోనే కట్టలు సర్దుకుంటాయి, ఎత్తు తగ్గుతుంది. మొదటి 40-50 కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆగి మళ్ళీ బిగించాలి. చిట్యాలలో లోడెక్కి విజయవాడ పోతుంటే నేను కొర్లపహాడ్ టోల్ దగ్గర దిగి చూస్తాను. టీ ఎలాగూ తాగాలి.

చువ్వలు, పైపులు వెనక్కి పొడుచుకొస్తున్నాయా? వేయొద్దు. వెనక ఎర్రగుడ్డ కట్టి పంపించే రోజులు పోయాయి. బాడీ దాటి పక్కకో ముందుకో వెనక్కో లోడు వచ్చినా, హద్దు మించి ఎత్తయినా మోటారు వాహనాల చట్టం కింద 20,000 జరిమానా. చీకట్లో వెనక వచ్చే బైకు అబ్బాయికి ఆ చువ్వ కనబడదు, ఆ మాట జరిమానా కంటే పెద్దది.

సమస్య: చెక్‌పోస్టులో ఆపారు

ఎక్కువసార్లు రెండే కారణాలు, ఓవర్‌లోడు లేదా ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ ఆన్‌లైన్ బిల్లు).

ఓవర్‌లోడుకు 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. మూడు టన్నులు ఎక్కువేస్తే 26,000 జరిమానా, ఎక్కువైన సరుకు దింపే ఖర్చు వేరే. ఆ మూడు టన్నులకు వచ్చే కిరాయి 4,800. ఎవరైనా ‘అందరూ వేస్తున్నరు’ అంటే ఈ లెక్క చెప్పండి. ఫ్యాక్టరీ కాంటా మీద ఊరికే నమ్మకం పెట్టుకోకుండా ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువుతో చీటీ సరిచూసుకొని కదలండి.

ఈ-వే బిల్లుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. 600 కిలోమీటర్లకు మూడు రోజులు. అయితే గడువు నడిచేది ఆ బిల్లులో బండి నంబరు ఎక్కించినప్పటి నుంచి, మనం గేటు దాటినప్పటి నుంచి కాదు. పొద్దున నంబరు ఎక్కించి మర్నాడు లోడింగు ఇస్తే ఒక రోజు అప్పుడే కరిగినట్టు. లోడు పూర్తయ్యాకే నంబరు ఎక్కించమని చెప్పండి. దారిలో బ్రేక్‌డౌన్ అయితే గడువు ముగిసే ముందు ఎనిమిది గంటల నుంచి ముగిసిన తర్వాత ఎనిమిది గంటల దాకా పొడిగించుకోవచ్చు. పెద్ద మిషన్లు, హద్దు మించిన సైజు సరుకైతే రోజుకు 20 కిలోమీటర్లే లెక్క, అది మరిచిపోయి ఇరుక్కున్నవాళ్ళు ఉన్నారు.

సమస్య: ఎత్తు మీద బండి లాగట్లేదు, లైటు వెలుగుతోంది

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండి అయితే ముందు యూరియా ట్యాంకు చూడండి. పొగను శుద్ధి చేయడానికి అందులో పోసే డీఈఎఫ్ అంటే 32.5 శాతం శుద్ధమైన యూరియా కలిపిన నీళ్ళు. ఇంటి దగ్గర పొలానికి తెచ్చిన బస్తా ఉంది కదా అని బకెట్లో కలిపి పోసిన మహానుభావులు మన జిల్లాలోనూ ఉన్నారు. ఎరువు యూరియాలోని మలినాలు ఇంజెక్టరును మూసేస్తాయి, సెన్సరు పట్టేసి ఇంజిన్ బలం తగ్గించేస్తుంది. ట్యాంకు ఖాళీ చేయించి, కడిగించి, ఐఎస్ఓ 22241 గుర్తున్న డబ్బా పోయించాలి. పొరపాటున ఆ ట్యాంకులో డీజిల్ పోస్తే తాళం తిప్పొద్దు, మెకానిక్‌ను పిలవండి.

సమస్య: టైర్లు తొందరగా పోతున్నాయి

అరిగిన తీరే కారణం చెబుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడిమి అరిగితే ఎక్కువ, ఒకే అంచు అరిగితే చక్రాల అలైన్‌మెంట్ తేడా. గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మన మే నెల ఎండలో నడిచిన టైరులో ఒత్తిడి పెరిగిందని గాలి తీసేస్తే, చల్లారాక తక్కువైపోయి మరుసటి రోజు అదే వేడెక్కి పగులుతుంది. జంట టైర్లలో ఒకటి కొత్తది, ఒకటి బాగా అరిగింది పెడితే ఎక్కువ బరువు కొత్తదాని మీదే పడుతుంది. సైజు కలిసినవే జత చేయండి.

సమస్య: అచ్చంపేట దాటాక ఆగిపోయాం

బండికి ఏమీ కాలేదు. శ్రీశైలం రోడ్డులో రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర గేటు వేస్తారు, పులుల అభయారణ్యం కాబట్టి పొద్దున ఆరు దాకా వదలరు. దోర్నాల, మార్కాపురం లోడు ఉంటే మధ్యాహ్నమే కదలాలి, ఘాటు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగాలి.