వాగు మీద మట్టికట్ట వేయిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడ్డాక విజయవాడ సింగ్‌నగర్ ఎలా మునిగిందో అందరం చూశాం. ఊరి వాగు మీద చిన్న కట్టే కదా అనుకోకండి, తెగితే దిగువనున్న ఇళ్లకి అది చిన్నది కాదు.

- జలవనరుల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) స్థలం చూపించి అనుమతి తీసుకోండి. అది లేకుండా తట్టెడు మట్టి కూడా వేయొద్దు.

- గుంటూరు వైపు చాలాచోట్ల నల్లరేగడి. ఎండితే వేలు దూరేంత పగుళ్లు, తడిస్తే ఉబ్బు. కట్టంతా దాంతోనే పోయకుండా లోపల నీరు ఆపే బంకమట్టి, పైన గ్రావెల్ వేయించండి.

- గడ్డి, తుమ్మ మొదళ్లు వేర్లతో సహా పీకించాలి. వేరు కుళ్లినచోట నీటికి దారి దొరుకుతుంది.

- అసలు పని ఇక్కడుంది: జానెడుకి మించని పొరలుగా మట్టి పోసి, తడిపి, ప్రతి పొర మీదా రోలర్ తిప్పాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి బురద అంటకూడదు. టిప్పర్లతో కుప్పపోసి, జేసీబీ బకెట్‌తో నాలుగు దెబ్బలు కొట్టి అయిపోయిందంటే ఒప్పుకోకండి, కాంట్రాక్టరు తెలిసినవాడైనా సరే, మొహమాటం వద్దు.

- కళింగ, అంటే ఎక్కువైన నీరు పక్క నుంచి పోయే దారి, లేకుండా కట్ట మొదలుపెట్టొద్దు. నీరు మట్టికట్ట మీదుగా పొర్లిందంటే కోసుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు. కళింగ కట్ట పైభాగం కన్నా బాగా కిందుగా, పక్కన గట్టి నేల మీద, రాతి పేర్పుతో ఉండాలి.

- ఎలుక బొరియలు, చీమల పుట్టలు ఉంటే తవ్వి పూడ్చండి.

- నైరుతి వానలు రాకముందే పూర్తయ్యేలా తేదీ పెట్టుకోండి. సగం కట్టకి వరద తగిలితే ఆ మట్టంతా దిగువ పొలాల్లోకే.