కొత్త ప్రాథమిక టీచర్ల కోసం కరదీపిక ఎలా రాయాలి?

డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) జరిగిన ప్రతిసారీ కొత్త ఎస్జీటీల, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ల చేతికి ఒక శిక్షణ మాడ్యూల్ వస్తుంది. "పిల్లల్లో ఆసక్తి రేకెత్తించాలి", "స్థాయికి తగిన కృత్యాలు కల్పించాలి", "సృజనాత్మకత పెంపొందించాలి" అని పేజీల కొద్దీ ఉంటుంది. ఎలాగన్నది మాత్రం ఉండదు. వారం తిరక్కుండానే అది బీరువా ఎక్కుతుంది. మీరు రాసేది టీచరు బల్ల మీదే ఉండాలనుకుంటే ఇలా చేయండి.

సరంజామా

ఇప్పుడు నడుస్తున్న 1 నుంచి 5 తరగతుల పాఠ్యపుస్తకాలు, వర్క్‌బుక్‌లు, ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు. వీటన్నిటికంటే ముఖ్యం, పిల్లలు రాసేసిన పాత నోటుపుస్తకాలు ఒక సంచెడు. ఏప్రిల్ ఆఖర్లో తెలిసిన బడికి వెళ్లి అడగండి, పేర్లున్న అట్టలు చింపేసి తెచ్చుకోండి. లాప్‌టాప్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. తెరిచారంటే పాత మాడ్యూల్ లోంచి నాలుగు పేరాలు ఎత్తి పెట్టాలని చెయ్యి లాగుతుంది.

ఎవరి కోసమో తేల్చుకోండి

తరగతికో గది, గదికో టీచరు ఉంటారని ఊహించుకుని రాస్తే చాలా పల్లె బళ్లలో ఆ పుస్తకం మొదటి రోజే చెల్లదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. అంటే ఐదు తరగతుల్ని ఇద్దరు పంచుకోవడం ఎవరో సెలవు పెట్టినందువల్ల వచ్చిపడ్డ తిప్పలు కాదు, లెక్కలోనే ఉంది. కాబట్టి రెండో తరగతి పాఠం రాసే పేజీలోనే ఆ అరగంట ఒకటో తరగతి ఏం చేస్తుంటుందో కూడా రాయాలి. "కాపీ రైటింగ్ ఇవ్వండి" అని రాశారా, ఆ పేజీ చింపేయండి.

విషయసూచిక

క్యాలెండర్ ప్రకారం పెట్టండి, మరో పద్ధతి లేదు. పియాజే, వైగోట్‌స్కీ లాంటి పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్తలతో మొదలుపెట్టొద్దు. టెట్‌కీ (టీచర్ల అర్హత పరీక్ష) డీఎస్సీకీ చదివి వచ్చిన అమ్మాయి వాళ్ల గురించి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అమ్మ గేటు దాటగానే ఒకటో తరగతి పిల్లాడు ఏడుపు అందుకుంటే, వాణ్ని ఎత్తుకుని మిగతా పాతికమందిని ఏం చేయాలన్నదే ఆమెకు తెలియదు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారానికి అదే మొదటి పేజీ. తర్వాత ఎవరికి ఎంత వచ్చో చూసుకోవడం, దసరా సెలవుల్లోపు ముగించాల్సినవి, సంక్రాంతి నుంచి వేసవి దాకా చేయాల్సినవి.

హాజరు పట్టీ, అడ్మిషన్ రిజిస్టరు, టీసీ, మధ్యాహ్న భోజనం లెక్క (ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం), అన్నీ కలిపి నాలుగు పేజీలు చాలు. యాప్‌ల గురించి ఒక్క ముక్క కూడా వద్దు, మీ పుస్తకం అచ్చయ్యేలోపు అవి మారిపోతాయి. ఏజెన్సీ (గిరిజన ప్రాంతాల) బళ్ల కోసం ఒక ఖాళీ పట్టిక వదలండి. నీళ్లు, ఆకలి, నొప్పి, ఇంటికి, మళ్లీ చెప్పు: ఇలాంటి మాటల్ని కోయలోనో గోండీలోనో సవరలోనో ఏమంటారో పిల్లల్ని అడిగి టీచరే రాసుకుంటుంది.

అసలు కష్టం: పిల్లల తప్పును ముందే రాయడం

ఇక్కడ నిదానించండి. ఇక్కడిదాకా ఎవరైనా రాస్తారు. పుస్తకాలు చెడేది ఇక్కడే.

పాఠం సాఫీగా నడిచినన్నాళ్లూ టీచరుకు మీ పుస్తకంతో పని లేదు. పిల్లాడు తప్పు చేసి, అదెందుకు వచ్చిందో తోచక ఆమె బోర్డు దగ్గర ఆగిపోయినప్పుడు పేజీ తిప్పుతుంది. ఆ పేజీలో ఆ తప్పే ఉండాలి.

రెండో తరగతి అప్పు తీసివేతలు తీసుకోండి. ఉదాహరణకు ఏదో ఒక లెక్క ఇద్దామని 52 - 27 అని రాస్తారు. సరైన జవాబు 25. నోటుపుస్తకాలు తిరగేస్తే 35 అన్న జవాబు మళ్లీ మళ్లీ తగులుతుంది. ఒకడు ఒకట్ల స్థానంలో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాడు: 7 లోంచి 2 పోతే 5, పదుల్లో 5 లోంచి 2 పోతే 3. ఇంకొకడు అప్పు తెచ్చుకున్నాడు, 12 లోంచి 7 పోతే 5 అని సరిగ్గానే రాశాడు, కానీ పదుల్లో 5ని 4 చేయడం మరిచిపోయి 3 వేశాడు. ఇద్దరిదీ 35. ఒకడికి అప్పు సంగతే తెలియదు, ఇంకొకడికి ముప్పాతిక వంతు వచ్చు. టీచరు ఇద్దరికీ ఒకే ఇంటూ కొట్టి, ఇద్దరికీ మొదటి నుంచీ చెబుతుంది. వచ్చినవాడు విసుక్కుంటాడు, రానివాడికి మళ్లీ రాదు.

అదే 61 - 38 ఇవ్వండి. సరైనది 23. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేవాడు 37 తెస్తాడు. అప్పు తెచ్చి తగ్గించడం మరిచినవాడు 33 తెస్తాడు. ఎవడు ఎక్కడ జారాడో పలక చూడగానే తెలిసిపోతుంది. కరదీపికలో ఒక్క అంకె కూడా చేతికొచ్చినట్టు వేయకూడదని నేను మొత్తుకునేది ఇందుకే. ప్రతి లెక్కనూ ముందు తప్పుగా చేసి చూడండి, పిల్లలు చేసే అన్ని రకాల తప్పులతోనూ. రెండు తప్పులకు ఒకే జవాబు వస్తే ఆ లెక్క పనికిరాదు.

ఆ తర్వాత ఏ జవాబుకు ఏం చేయాలో విడివిడిగా రాయండి. 37 అన్నవాడికి చీపురుపుల్లలు: ఆరు కట్టలు, ఒక విడిపుల్ల. "నాకు ఎనిమిది ఇవ్వు" అని అడిగి ఊరుకోవాలి. వాడు తడబడతాడు, ఆ తడబాటును కంగారుపడి చెరిపేయొద్దని కూడా రాయండి, ఎందుకంటే కొత్త టీచరు అక్కడ ఆగలేక తనే కట్ట విప్పేస్తుంది. కట్ట వాడే విప్పాలి. 33 అన్నవాడికి పుల్లల పాఠం అంతా అక్కర్లేదు. అప్పు తేగానే 6 కొట్టేసి పైన 5 వేసే అలవాటు కావాలి, అలాంటివి మూడు లెక్కలు చాలు. 23 అన్నవాళ్లను నమ్మేయకుండా "ఎలా చేశావో చెప్పు" అని ఇద్దరినైనా అడగమనండి, పక్కవాడి పలక దగ్గరే కదా ఉంటుంది.

మరి ఆ సమయానికి ఒకటో తరగతి? కింద కూర్చుని పుల్లల్ని పదేసి లెక్కపెట్టి రబ్బరుబ్యాండ్లు వేస్తుంటుంది. వాళ్లకు లెక్కింపు, వీళ్లకు కట్టలు. టీచరు దూరం నుంచి చూసినా పని నడుస్తోందో లేదో కనిపిస్తుంది. టీచరు పాఠం చెప్పని పక్క తరగతి పని కోసం మీరు రాసేదేదైనా ఈ రెండు గుణాలూ ఉన్నదై ఉండాలి: టీచరు లేకుండా సాగాలి, దూరం నుంచి కనిపించాలి.

తెలుగుకూ ఇదే పద్ధతి. పేజీ గడగడా చదివేవాడు అక్షరాలు చూస్తున్నాడో, కంఠతా పట్టింది అప్పజెబుతున్నాడో తేలాలంటే అదే వాక్యం నడుమ ఒక పదాన్ని వేలితో చూపించి అడగమని రాయండి. నలభై పాఠాలకు పైపైన రాసేకంటే పన్నెండు పాఠాలకు ఇలా రాయడం నయం.

వాక్యం

"విద్యార్థులచే చేయించవలెను" వద్దు. ప్రతి వాక్యంలోనూ చేతికో నోటికో పని ఉండాలి. 1980ల్లో మొదలైన ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) శిక్షణలో ఆరు సూత్రాలు నేర్పారు. వాటిలో పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించాలన్నది ఒకటి. నేను చూసిన బళ్లలో బాగా నిలిచింది అదే. తాడు కట్టి కాగితాలు తగిలించమంటే ఎవరికైనా అర్థమవుతుంది కదా. వ్యక్తిగత భేదాలకు అవకాశమివ్వాలన్న సూత్రం కూడా ఆ ఆరింటిలోదే, దాన్ని ఎలా తగిలించాలో తెలిసినవాళ్లు తక్కువ.

రాసేది ఒక్కరే కావాలి. వర్క్‌షాప్‌లో పదిమంది కూర్చుని తలా ఒక అధ్యాయం పంచుకుని, ఇంగ్లీషు ప్రతి ముందు పెట్టుకుని తర్జుమా చేసుకుంటూ పోయిన పుస్తకాలు బోలెడు చూశాను. మూడో అధ్యాయం ఒకటి చెబుతుంది, ఏడోది దాన్ని కాదంటుంది. మిగతా తొమ్మిదిమందినీ కొట్టివేతలకు వాడుకోండి.

పరీక్ష, అచ్చు

పోయిన ఏడాదే చేరిన టీచరుకు ఒక పాఠం ప్రతి ఇచ్చి, గది వెనక కూర్చోండి. నోరు విప్పొద్దు. ఆమె ఎక్కడ ఆగి పేజీ తిప్పిందో గుర్తు పెట్టుకోండి. ఆ వాక్యాలు మళ్లీ రాయాలి. "ఎలా ఉంది?" అని అడిగి లాభం లేదు, "బాగుంది సార్" అంటుంది.

డెమ్మీ సైజు, 14 పాయింట్ల అక్షరం, నలుపు ఒక్కటే రంగు. 96 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు ఆరు, మించొద్దు. మధ్యలో పిన్ను కొట్టించండి, బల్ల మీద పరిస్తే తెరిచే ఉండాలి. చాక్‌పీసు చేత్తో పుస్తకాన్ని అదిమి పట్టుకుని పాఠం చెప్పడం ఎవరివల్లా కాదు. అధికారుల సందేశాలు, ఫొటోలు వద్దు. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి చేతులు దులుపుకోవడం అసలే వద్దు. పాఠానికి ఎదురు పేజీ ఖాళీగా వదలండి. వచ్చే ఏప్రిల్‌లో వెళ్లి, ఆ ఖాళీల్లో టీచర్లు రాసుకున్న కొత్త తప్పుల్ని ఎక్కించుకోండి. పాఠ్యపుస్తకాలు మారిన ఏడాది పేజీ నంబర్లన్నీ మళ్లీ సరిచూడాలి.