కిడ్నీల పరీక్ష ఎలా చేయించుకోవాలి, రిపోర్టు ఎలా చదవాలి?

మా కనిగిరి వైపు నడుం పట్టేస్తే చాలు, కిడ్నీలేమోనని టెన్షన్ పడతారు. చాలాసార్లు అది కండరాల నొప్పే, లేదా ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యం. కిడ్నీలు మెల్లగా చెడిపోతున్నప్పుడు మామూలుగా నొప్పే ఉండదు. కాళ్లవాపు కనపడేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉండొచ్చు.

ముందు మీ సంగతి చూసుకోండి. షుగర్, బీపీ, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు, ఏళ్ల తరబడి నొప్పి బిళ్లల అలవాటు: వీటిలో ఏదున్నా ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి.

ల్యాబులో రెండు అడగండి. ఒకటి రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం. రెండోది మూత్రంలో ఏసీఆర్, అంటే క్రియాటినిన్‌తో పోలిస్తే అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చెప్పే లెక్క. చాలామంది మొదటిదానితో సరిపెట్టుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లకు నన్నడిగితే రెండోదే ముఖ్యం. క్రియాటినిన్ పెరగకముందే మూత్రంలో అల్బుమిన్ పోవడం మొదలవుతుంది. పొద్దున లేవగానే వచ్చే మూత్రంలో మొదటి ధార వదిలేసి, మధ్యది డబ్బాలో పట్టండి. జ్వరం, మూత్రంలో మంట ఉంటే తగ్గాక ఇవ్వండి. ముందురోజు రాత్రి మటన్ మానేయండి, క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తుంది.

రిపోర్టులో క్రియాటినిన్ ఒక్కటే చూసి 'నార్మల్' అనుకోవద్దు. ఈజీఎఫ్ఆర్ కూడా చూడండి, అంటే క్రియాటినిన్, వయసు, ఆడా మగా లెక్కలోకి తీసుకుని కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో వేసే అంచనా. అదే క్రియాటినిన్ 1.2 ముప్పై ఏళ్ల కుర్రాడికుంటే ఈజీఎఫ్ఆర్ 83 దాకా వస్తుంది, అరవై అయిదేళ్ల అమ్మమ్మకుంటే 50కి పడిపోతుంది. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువున్నా, ఏసీఆర్ 30 (mg/g) దాటినా డాక్టరుకు చూపించండి. మూడు నెలలు పైబడి అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క.

ఇక అలవాట్లు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరో, చీమకుర్తి క్వారీలోనో చెమటలు కక్కి, నీళ్లు సరిగా తాగకుండా సాయంత్రం డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ల వేసుకోవడం కిడ్నీలకు పెద్ద దెబ్బ. పనిలో ఉన్నంతసేపూ నీళ్లు తాగుతూ ఉండాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపే. ఊరగాయ, ఎండుచేపల్లోది కూడా ఇందులోకే వస్తుంది. బోరు నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి ఆర్వో నీళ్లు వాడండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే బిళ్లలన్నీ, నాటు మందు పొట్లంతో సహా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.