బ్రహ్మోత్సవాల సెలవులకు ముందు పాత అకౌంట్లు ఏరిపారేసే ఐటీ వాళ్లకు

పోయిన వారం రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో, పని మానేసిన అకౌంటెంట్ యూజర్‌ని యాక్టివ్ డైరెక్టరీలోంచి (కంపెనీ యూజర్లు, కంప్యూటర్ల లెక్క ఒకేచోట ఉంచే విండోస్ వ్యవస్థ) డిలీట్ కొట్టారు. బిల్లింగ్ సర్వీసు నడిచేది ఆ యూజర్ మీదేనని ఎవరికీ గుర్తు లేదు. పొద్దునకి గేటు దగ్గర లారీలు, లోపల బిల్లు రాదు. అదే పేరుతో మళ్లీ యూజర్‌ని చేశారు. అయినా సర్వీసు లేవలేదు.

లేవదు. విండోస్‌కి పేరుతో పని లేదు, అది చూసేది ఎస్‌ఐడీని, అంటే ప్రతి అకౌంట్‌కీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరుని. కొత్త అకౌంట్‌కి కొత్త ఎస్‌ఐడీ వస్తుంది. పాత గ్రూపులు, ఫోల్డర్ పర్మిషన్లు దానికి అంటవు.

కాబట్టి డిలీట్ వద్దు, డిజేబుల్ చేయండి. డిస్క్రిప్షన్‌లో తేదీ, కారణం రాసి వదిలేయండి. ఒక నెలాఖరు, ఒక జీఎస్టీ రిటర్ను దాటనివ్వండి. ఏది ఆగినా ఎనేబుల్ కొడితే తిరిగొస్తుంది.

కంప్యూటర్ అకౌంట్లయితే నష్టం ఇంకా ఎక్కువ. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీలు డైరెక్టరీలో దాస్తుంటే, అవి ఆ కంప్యూటర్ ఆబ్జెక్ట్ (డైరెక్టరీలో ఆ కంప్యూటర్ ఎంట్రీ) కిందే ఉంటాయి. దాన్ని డిలీట్ చేస్తే కీలూ పోతాయి. రేపు ఆ ల్యాప్‌టాప్ కీ అడిగితే, వేరే కాపీ లేకుంటే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇక్కడా డిజేబులే.

లాస్ట్ లాగాన్ లిస్టును గుడ్డిగా నమ్మకండి. చివరిసారి లాగిన్ అయిన సమయం చెప్పే లాస్ట్‌లాగాన్ ఒక డీసీ (డైరెక్టరీని నడిపే సర్వర్, డొమైన్ కంట్రోలర్) నుంచి ఇంకో డీసీకి వెళ్లదు. లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్ వెళ్తుంది గానీ మామూలుగా 9 నుంచి 14 రోజులు వెనకబడి ఉండొచ్చు. 15 రోజుల ఫిల్టర్ పెట్టి ఏరితే పనిచేసేవాళ్లూ పోతారు. 90 పెట్టండి. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్ల పేర్లు హెచ్‌ఆర్‌ని అడగండి.

డిలీట్ అయిన అకౌంట్లను తిరిగి తెచ్చే డైరెక్టరీ రీసైకిల్ బిన్ విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచీ ఉంది, కానీ మనం ఆన్ చేయాలి. పోయాక ఆన్ చేస్తే పోయినవి రావు.

ఓయూలన్నిటికీ (డైరెక్టరీలో అకౌంట్లను విడదీసి పెట్టే ఫోల్డర్ల లాంటివి) పొరపాటు డిలీట్‌ను ఆపే టిక్ పెట్టండి.
డైరెక్టరీ కూడా కలిసి వచ్చే సిస్టమ్ స్టేట్ బ్యాకప్ తీయండి, అదే సర్వర్లో పెట్టకండి.
బ్యాకప్ నుంచి డైరెక్టరీని తిరిగి తెచ్చే మోడ్‌లోకి వెళ్లడానికి కావాల్సిన డీఎస్‌ఆర్‌ఎం పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? "యాడుందో చూడాల సార్" అంటే ఒప్పుకోకండి, ఇప్పుడే చూపించమనండి.
లాగిన్ టికెట్లకు డైరెక్టరీ వాడే కెఆర్‌బీటీజీటీ అకౌంట్ మామూలుగానే డిజేబుల్ అయ్యే ఉంటుంది. పాతదనుకుని ముట్టుకోకండి.
స్క్రిప్టు ముందు వాట్‌ఇఫ్‌తో (ఏమీ మార్చకుండా, ఏం జరుగుతుందో మాత్రమే చూపిస్తుంది) నడపండి.
స్క్రిప్టులో కూడా డిలీట్ లైను ఉండకూడదు. డిజేబుల్, అంతే.
గరుడ సేవ నాడు దేన్నీ ముట్టుకోవద్దు. ఆ సాయంత్రం తిరుపతి రోడ్ల మీద పడి సర్వర్ రూముకి ఎవరూ చేరుకోలేరు.
మేనేజర్ ఫోన్ చేసి "అన్నీ తీసేయండి" అంటే మెయిల్ పెట్టమనండి.