పాత చర్చిని చదవడం – 3వ పాఠం: గాలిలోకి తెరుచుకునే తలుపు

గోడల్లోని అతుకులు చూసి ఏ భాగం ముందు కట్టారో, ఏది తరవాత కలిపారో గత పాఠంలో పోల్చుకున్నాం. ఈసారి వెతికేది అక్కడ లేని వస్తువు.

1500 ప్రాంతంలో వేల్స్ పల్లె చర్చిలో అడుగుపెట్టగానే కళ్లు పోయేది సిలువ అటక మీదికే. జనం నిలబడే నేవ్‌కూ, తూర్పున ప్రధాన బలిపీఠం ఉండే చాన్సెల్‌కూ మధ్య చెక్క జాలీ తెర కట్టేవారు. తెర నెత్తిన మనిషి నడవగలిగేంత అటక, దానికీ పైన సిలువ మీది క్రీస్తు, అటూ ఇటూ మరియ, యోహాను బొమ్మలు. వెల్ష్‌లో ఈ అటక పేరు క్రోగ్‌లోఫ్ట్. క్రోగ్ అంటే సిలువ. తరవాతి కాలంలో చిన్న ఇళ్లలో పడక కోసం వేసుకునే సగం అటకకు కూడా అదే పేరు పడింది.

1548 నాటికి ప్రొటెస్టంట్ అయిన ఇంగ్లండ్ రాజు ఆరో ఎడ్వర్డ్ ప్రభుత్వం చర్చిల్లో బొమ్మలు తీయించింది. తరవాత కాథలిక్ అయిన మేరీ రాణి మళ్లీ పెట్టించింది. 1561లో ఎలిజబెత్ రాణి ఉత్తర్వు వచ్చింది: అటకను దూలం దాకా దించేయండి, కింది తెర మాత్రం ఉండనివ్వండి. అందుకే ఇవాళ తెర మిగిలి అటక పోయిన చర్చిలు ఎక్కువ. అటక ఎక్కే మెట్లు రాతిగోడ లోపల ఉంటాయి కాబట్టి వాటిని తవ్వి తీసే ఖర్చు ఎవరూ పెట్టుకోలేదు. కింది గుమ్మాన్ని రాళ్లతో మూసి, పైన వెల్ల వేసి ఊరుకున్నారు. మన పని సులువైంది అక్కడే.

లేనిదాన్ని వెతికే ముందు ఉన్నదాన్ని ఒకసారి బాగా చూడాలి. పోయిస్ ప్రాంతంలో, బ్లాక్ మౌంటెన్స్ కొండవాలున ఉన్న పాట్రిషో చర్చిలో తెర, అటక రెండూ నిలిచాయి. 1500 ప్రాంతపు ఓక్ పని. ముందు దూలం పొడవునా ద్రాక్షతీగ చెక్కారు, చివర రెక్కల డ్రాగన్ నోట్లో ఆ తీగ. అటక పిట్టగోడ కూడా జాలీయే. తెర గుమ్మానికి అటొకటి, ఇటొకటి రాతి బలిపీఠాలు. వేరేచోట్ల ప్రొటెస్టంట్ సంస్కరణ కాలంలో పగలగొట్టేసిన ఇలాంటివి ఇక్కడ దక్కడం అరుదైన సంగతి. ఈ చర్చి ఫొటోలు పక్కన పెట్టుకుని మిగతా పాఠం చదవండి.

ఇక మీ చర్చిలో నేవ్ తూర్పు చివర నిలబడి రెండు పక్కల గోడలూ చూడండి. సుమారు రెండున్నర, మూడు మీటర్ల ఎత్తున, భుజం పక్కకు తిప్పి దూరాల్సినంత ఇరుకు గుమ్మం ఉందా? దాని ముందు నేల లేదు, మెట్టు లేదు. అదే అటకలోకి దారి. గడప ఎత్తు కొలిచి రాసుకోండి, అటక నేల దాదాపు ఆ మట్టాన ఉండేది. దానికి కింద, కొంచెం పక్కగా, మూసేసిన కింది గుమ్మం ఆనవాలు వెతకండి. తరవాత బయటికి వెళ్లి అదే చోట గోడ చూస్తే, మెట్ల కోసం గోడ ఉబ్బి ఉండొచ్చు, చిన్న చీలిక కిటికీ ఉండొచ్చు. లోపల రెండు గోడల్లోనూ ఒకే ఎత్తున పొడుచుకొచ్చిన రాళ్లో, పూడ్చిన చదరపు కన్నాలో కనిపిస్తే దూలం కూర్చున్న చోటు దొరికినట్టే. దక్షిణ గోడలో మిగతావాటికంటే పైకి పెట్టిన ఒంటరి కిటికీ చాలాసార్లు అటకకు వెలుతురు ఇవ్వడానికే.

తెర మిగిలి ఉంటే పైదూలం కింద చేత్తో తడమండి. వరసగా ఖాళీ కన్నాలు తగిలితే అటక మోసిన అడ్డకర్రలు అక్కడ దిగి ఉండేవి. బాడిస దెబ్బలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. వంపు తిరిగిన సమాన గీతలుంటే అది గుండ్రటి రంపం కోత, అంటే 19వ శతాబ్దపు మరమ్మతు. తెర అడుగుదూలం నేల చెమ్మకు ముందు కుళ్లుతుంది కాబట్టి అక్కడి కొత్త చెక్కను చూసి తెర మొత్తాన్ని కొత్తదనుకోవద్దు.

తప్పులు జరిగేది ఇక్కడే. పశ్చిమాన ఎత్తున గుమ్మం ఉంటే అది గంటగోపురానికో, తరవాత కట్టిన గ్యాలరీకో దారి కావచ్చు. కొన్నిచోట్ల పాత మెట్లనే ప్రసంగ వేదికకు వాడుకున్నారు. అన్నిటికన్నా పెద్ద ఉచ్చు తెర వయసే చర్చి వయసు అనుకోవడం. ల్లనానోలో 1500 ప్రాంతపు అద్భుతమైన తెర ఉంది, కానీ దాని చుట్టూ ఉన్న చర్చి 1877లో తిరిగి కట్టినది.

గుమ్మం అంచు స్పష్టంగా తెలియకపోతే టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు పడనివ్వండి, వెల్ల కింది గతుకులు నీడలు పడి తేలతాయి. గోరుతోనైనా గీరకండి. 2008లో ల్లాన్‌కార్వన్ చర్చిలో వెల్ల కిందనుంచి కనబడ్డ సన్నటి ఎర్రగీత వెంట సంరక్షకులు ఓపిగ్గా వెళితే, డ్రాగన్‌ను చంపుతున్న సెయింట్ జార్జ్ చిత్రం బయటపడింది.

అభ్యాసం: నేవ్ తూర్పు చివర రెండు పక్కగోడల బొమ్మ గీసి, గుమ్మం గడపనూ, దూలం కన్నాలనూ ఒకే కొలమానంలో గుర్తించండి. రెండూ కలిసి చూస్తే అటక నేల మట్టం కుదరాలి. కుదరలేదంటే అందులో ఒకటి వేరే కాలపుది. ముందు గుమ్మాన్నే అనుమానించండి.